మేడిపండు పొట్టలో ఎవరెవరున్నారు?

మేడిపండు పొట్ట విప్పితే పురుగులుంటాయని తెలుగునాట చిన్నపిల్లలకు కూడా తెలుసు. పైకి మేలిమిగా కనిపించి లోపల చెడ్డవాడైన మనిషిని ఆ పండుతో పోలుస్తాం. మనిషి సంగతి ఎలా ఉన్నా, మేడికి మాత్రం ఆ మాట అన్యాయం. ఆ పురుగులు పండు పాడయ్యాక చేరినవి కావు. ఆ పండులోనే పుట్టి, అక్కడే జతకట్టి, మగవైతే అక్కడే చనిపోయే చిన్న కందిరీగలవి. వాటి తల్లి లోపలికి వెళ్లకపోతే మేడిలో గింజ పట్టదు. చాలాసార్లు ఆ పిందె పండయ్యేదాకా కొమ్మ మీద నిలవదు కూడా.

అలాగని ఆ పొట్టలో ఉన్నవాళ్లంతా చెట్టుకు మేలు చేసేవాళ్లే అనుకోకూడదు. అక్కడ పొత్తుదారులున్నారు, దొంగలున్నారు, దొంగల మీద పడి బతికేవాళ్లూ ఉన్నారు. చెట్టుకూ కందిరీగకూ మధ్య ఉన్న పొత్తు కోట్ల ఏళ్లుగా చెడకుండా ఉండటంలో ఆ దొంగలకూ ఒక పాత్ర ఉంది. మేడిని గురించి తెలుసుకోవలసిన వాటిలో నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచేది ఇదే.

ముందు కాయ సంగతి చూద్దాం. ఇంటర్‌లో బోటనీ చదివినవాళ్లకు హైపన్థోడియం అనే మాట గుర్తుండే ఉంటుంది. మేడి, మర్రి, రావి, జువ్వి, అంజీర్ అన్నీ ఫైకస్ జాతులే. వాటి కాయ నిజానికి కాయ కాదు, లోపలికి ముడుచుకున్న పూలగుత్తి. గుండ్రటి కుండ గోడకు లోపలివైపు వందలు, వేలుగా పూలు అతుక్కుని ఉంటాయి. కుండకు ఒకటే మూతి, కాడకు ఎదురుగా ఉండే చిన్న కన్ను. ఆ కంటిని రేకుల్లాంటి పొలుసులు ఒకదానిమీద ఒకటి పరుచుకుని మూసేస్తాయి. మేడిలో ఆడపూలు గోడ అంతటా ఉంటాయి, మగపూలు కంటికి దగ్గరగా వలయంలా ఉంటాయి.

ఆ పాఠంతో పాటు మనకు అలవాటైన రెండు విషయాలను ఇక్కడ సరిచేసుకోవాలి. ఒకటి, ఫైకస్ అంటే బ్లాస్టోఫాగా అని బట్టీ పట్టాం. బ్లాస్టోఫాగా అంజీర్ కందిరీగ. మన మేడికి (ఫైకస్ రెసిమోసా) వచ్చేది సెరటోసోలెన్ ఫ్యూసిసెప్స్, రావికి ప్లాటిస్కాపా క్వాడ్రాటిసెప్స్, మర్రికి యూప్రిస్టినా మసోనై. దాదాపు ఏ చెట్టు కందిరీగ ఆ చెట్టుదే. రెండోది, గాల్ పూలు అని గింజ పట్టని పూలు వేరే ఉంటాయని, కందిరీగ వాటిలోనే గుడ్లు పెడుతుందని చదివాం. మేడి, మర్రి, రావి లాంటి వాటిలో అలాంటి వేరే రకం పూలు లేవు. ఏ ఆడపువ్వుకైనా పుప్పొడి అందితే గింజ అవుతుంది, గుడ్డు పడితే బుడిపె అవుతుంది. కీలాల (అండాశయం నుంచి పైకి లేచే సన్నటి గొట్టాల) పొడవులో తేడా మాత్రం ఉంది. కొన్ని పూల కీలం పొట్టిగా, కొన్నిటిది పొడుగ్గా ఉంటుంది. పొట్టి కీలమున్న పూలకు కాడ పొడుగు, కాబట్టి వాటి అండాశయం గోడకు దూరంగా, కుండ నడిమధ్యకు జరిగి ఉంటుంది. పొడుగు కీలమున్న పూల అండాశయం గోడను ఆనుకుని ఉంటుంది. ఈ కొలతలను గుర్తుపెట్టుకోండి, తర్వాత కథ అంతా వీటి చుట్టూనే తిరుగుతుంది.

పిందె సిద్ధమయ్యాక వాసన వదులుతుంది. సుమారు 2 మిల్లీమీటర్ల పొడవుండే నల్లటి ఆడ కందిరీగ ఆ వాసన పట్టుకుని వస్తుంది. దాని ఆయుష్షు ఒకటి రెండు రోజులే, ఆ కాస్త కాలంలో ఏమీ తినదు. కంటి దగ్గర వాలి, తల దూర్చి, పొలుసుల మధ్య నుంచి దూసుకుని లోపలికి పోతుంది. ఆ ఇరుకులో రెక్కలు ఊడిపోతాయి, మీసాల చివర్లు తెగిపోతాయి. ఇక వెనక్కి రావడం ఉండదు. మేడి పిందె కంటి దగ్గర భూతద్దంతో చూస్తే, పొలుసుల మధ్య చిక్కుకున్న ఆ రెక్కలు పల్చటి అభ్రకం ముక్కల్లా కనిపిస్తాయి. లోపలికి ఎవరో వెళ్లారనడానికి అదే గుర్తు.

లోపల అది రెండు పనులు చేస్తుంది. గుడ్లుపెట్టే సూదిని కీలం గుండా అండాశయంలోకి దించి ఒక్కో పువ్వులో ఒక్కో గుడ్డు పెడుతుంది. దానితో పాటు తాను పుట్టిన పండు నుంచి రొమ్ము కింద జేబుల్లో నింపి తెచ్చిన పుప్పొడిని ముందుకాళ్లతో తీసి కీలాగ్రాల మీద రాస్తుంది. పుప్పొడి దానికి ఊరకే అంటుకుని రాలేదు, కావాలని నింపుకుని తెచ్చింది. పూసి పంచడం కూడా కావాలని చేసే పనే. కీటకాలు పూలకు చేసే మేలులో ఎక్కువ భాగం తేనె కోసం తిరుగుతుంటే యాదృచ్ఛికంగా జరిగేదే. మేడి కందిరీగకు మాత్రం ఇది పనిగట్టుకుని చేసే కొలువు. ఇంగ్లండ్‌లోని ఐల్ ఆఫ్ వైట్‌లో దొరికిన సుమారు 3.4 కోట్ల ఏళ్ల నాటి శిలాజ కందిరీగకు కూడా ఈ జేబులున్నాయి, వాటిలో పుప్పొడి ఉంది. ఈ పొత్తు మొదలై సుమారు 7.5 కోట్ల ఏళ్లు అయి ఉంటుందని జన్యువుల పోలిక చెబుతోంది.

తల్లి లోపలే చనిపోతుంది. గుడ్డు పడిన పూలు బుడిపెలుగా ఉబ్బుతాయి, పిల్లపురుగు బుడిపె లోపలి కణజాలాన్ని తింటూ పెరుగుతుంది. వారాలు గడిచాక ముందుగా మగ కందిరీగలు బయటపడతాయి. వాటికి రెక్కలుండవు, రంగు పాలిపోయి ఉంటుంది, చూస్తే కందిరీగ అనిపించవు. అవి ఆడవి ఉన్న బుడిపెలకు రంధ్రం చేసి, ఆడవి ఇంకా లోపల ఉండగానే వాటితో జతకడతాయి. మూసిన కుండలో అప్పటికి బొగ్గుపులుసు వాయువు బాగా పేరుకుని ఉంటుంది. మగవాటికి ఆ గాలి అడ్డం కాదు. అందరూ కలిసి గోడను కొరికి బయటికి దారి తవ్వుతారు. బయటి గాలి లోపలికి రాగానే మత్తుగా ఉన్న ఆడవి చురుకవుతాయి. అప్పటికి మగపూలు విచ్చుకుని ఉంటాయి. వాటి దగ్గరికి వెళ్లి పుప్పొడి జేబుల్లో నింపుకుని, మగవి తవ్విన దారిలో ఎగిరిపోతాయి. దారి తవ్విన మగవి కొద్ది గంటల్లోనే చనిపోతాయి. ఆ తర్వాతే కాయ ఎర్రబడి, మెత్తబడి, గబ్బిలాలకూ కోతులకూ పిట్టలకూ పండవుతుంది.

అందుకే ఎర్రగా పండిన మేడిని విప్పితే మనకు కనిపించేవి ఖాళీ బుడిపెలు, ఎగిరిపోలేక మిగిలిన కొన్ని ఆడ కందిరీగలు, రెక్కల్లేని మగవాటి శవాలు, ఆ దారిగుండా తర్వాత చొరబడిన చీమలు, ఈగల పురుగులు. అసలు నాటకం చూడాలంటే అంతకు ముందే విప్పాలి.

చూడదలచినవాళ్లకు పద్ధతి చెబుతాను. మేడి కాయలు మొదలు మీద, లావు కొమ్మల మీద గుత్తులుగా వస్తాయి కాబట్టి నిచ్చెన అక్కర్లేదు. కొత్త బ్లేడు తీసుకుని కాడ నుంచి కంటి దాకా నిలువుగా కోయండి. అడ్డంగా కోస్తే కన్ను, మగపూల వలయం పాడవుతాయి. కోయగానే పాలు కారతాయి, అవి చర్మానికి మంట పెట్టొచ్చు, కంట్లో పడకూడదు. కోసిన ముక్కను నీళ్లలో ఒక్కసారి ముంచి తీస్తే పాలు కారడం తగ్గి పూలు స్పష్టంగా కనిపిస్తాయి. బ్లేడుకు, వేళ్లకు అంటిన జిగటను వంటనూనెతో తుడిస్తే పోతుంది.

చెర్రీ కంటే చిన్నగా, గట్టిగా ఉన్న పిందెలో పూలు తడిగా మెరుస్తూ, కీలాగ్రాలన్నీ కలిసి ఒక మెత్తటి పరుపులా ఉంటే అది కందిరీగను పిలిచే దశ. మధ్యలో రెక్కల్లేని నల్ల కందిరీగ శవం ఉంటే ఇప్పటికే ఎవరో వచ్చారన్నమాట. ఒకటి కంటే ఎక్కువ కూడా ఉండొచ్చు. తర్వాత చాలా రోజులు, మొత్తం సమయంలో ఎక్కువ భాగం, కాయ పచ్చగా గట్టిగా ఉండి పెరుగుతూ ఉంటుంది. అప్పుడు కోస్తే లేత బుడిపెలు, లేత గింజలు పక్కపక్కనే ఉంటాయి. గింజ చిన్నది, గట్టిది. బుడిపె ఉబ్బినట్టు పెద్దగా, పల్చటి గోడతో ఉంటుంది. సూదితో నొక్కి చూస్తే తేడా తెలుస్తుంది. చివరి దశలో బుడిపెలు గోధుమరంగుకు తిరిగి, వాటి గుండా నల్లటి కళ్లు కనిపిస్తాయి.

కందిరీగలు బయటికి రావడం చూడాలంటే ఆ చివరి దశ కాయలు కావాలి. పచ్చదనం కాస్త తగ్గి, వేలితో నొక్కితే కొంచెం లొంగే కాయను, బయట ఎక్కడా రంధ్రం లేనిదాన్ని కోయాలి. అదే గుత్తిలో ఒక కాయను విప్పి నిర్ధారించుకోండి, ఒక గుత్తిలో కాయలన్నీ దాదాపు ఒకే దశలో ఉంటాయి. ఒక్కో సీసాలో ఒక్కో కాయ వేసి, అడుగున మడతపెట్టిన టిష్యూ కాగితం ఉంచి, మూతికి మల్‌మల్ గుడ్డ రబ్బరు బ్యాండుతో బిగించి నీడలో పెట్టండి. ఇక్కడ చాలామంది మూడు చోట్ల తప్పు చేస్తారు. దోమతెర కడితే సన్నటి కందిరీగలు కన్నాల్లోంచి వెళ్లిపోతాయి. మూత గట్టిగా బిగిస్తే ఆవిరి పట్టి చుక్కల్లో అవి మునిగి చస్తాయి, కాయకు బూజు పడుతుంది. మరీ పచ్చి కాయ తెస్తే లోపలి పురుగులు ఎండిపోతాయి, ఏదీ బయటికి రాదు. కొమ్మ నుంచి తెంపిన కాయలో పెరుగుదల సాగదు, పూర్తిగా తయారైన పురుగు మాత్రమే బయటపడుతుంది.

సీసాలోకి వచ్చినవాటిని చూస్తే మొదటి ఆశ్చర్యం అక్కడే. అన్నీ ఒకే రకం కావు. కొన్ని నల్లగా, బరువైన తలతో, తోక లేకుండా ఉంటాయి. అవి పుప్పొడి తెచ్చేవి. మరికొన్నిటికి వెనక దారంలాంటి పొడుగాటి సూది వేలాడుతుంటుంది, ఒక్కోసారి అది ఒంటికంటే పొడవు. అవి లోపలికి ఎప్పుడూ అడుగుపెట్టని జాతులు. బయట కాయ మీద నిలబడి గోడలోంచి సూది దించి గుడ్లు పెడతాయి. పుప్పొడి పనితో వాటికి సంబంధమే లేదు.

దక్షిణ భారతంలో మేడి మీద ఇలాంటివి అరడజను జాతులు తిరుగుతాయి, ఎక్కువగా సైకోఫేగా, ఎపోక్రిప్టా ప్రజాతులవి. బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో రెనీ బోర్జెస్ బృందం ఏళ్ల తరబడి ఈ ఒక్క చెట్టు మీద పనిచేసి వీటి వరుసక్రమాన్ని బయటపెట్టింది. కొన్ని పిందె చాలా చిన్నగా ఉన్నప్పుడే, పుప్పొడి కందిరీగ రాకముందే వచ్చి తమ సొంత బుడిపెలు చేసుకుంటాయి. ఇవి చెట్టుకు పరాన్నజీవులు. మరికొన్ని ఆలస్యంగా వచ్చి, ఇప్పటికే తయారైన బుడిపెలో ఉన్న పిల్లపురుగు మీద గుడ్డు పెడతాయి. వాటి పిల్ల ఆ పురుగును చంపి పెరుగుతుంది. ఆలస్యంగా వచ్చేసరికి కాయ పెద్దదై గోడ దళసరి అవుతుంది కాబట్టి, వాటి సూదులు కూడా పొడవు.

ఆ సూది పనితనం చూస్తే కళ్లు తిప్పుకోలేం. ఎపోక్రిప్టా వెస్ట్‌వుడై సూది మన తలవెంట్రుక కంటే సన్నం. పచ్చి మేడికాయ గోడ గట్టిగా కొయ్యలా ఉంటుంది. 2014లో అదే సంస్థకు చెందిన పరిశోధకులు ఆ సూది కొనలో రంపంలాంటి పళ్లు, ఆ పళ్లలో జింకు లోహం పోగై ఉండటం చూపించారు. జింకు వల్ల కొన గట్టిపడి అరగదు. లోపలికి నడిచి వెళ్లే పుప్పొడి కందిరీగ సూది కొన దీనికి భిన్నంగా గరిటె ఆకారంలో ఉంటుంది, మెత్తటి పువ్వులోకి దించడానికి అంతకంటే అక్కర్లేదు. పనిని బట్టి పనిముట్టు.

ఇక అసలు చిక్కు ప్రశ్న. లోపలికి వెళ్లిన కందిరీగ గుడ్లన్నీ ఎక్కడంటే అక్కడ పెట్టేసి, గింజ పట్టడానికి ఒక్క పువ్వు కూడా మిగల్చకుండా ఎందుకు చేయదు? ప్రతి పువ్వులో ఒక పిల్ల ఉంటే దాని వంశానికే లాభం. అలా చేసే కందిరీగలు పెరిగితే చెట్టుకు గింజ ఉండదు, కొన్నాళ్లకు చెట్టే ఉండదు. కానీ ప్రకృతి ఎంపిక భవిష్యత్తు చూసి ఆగదు. ఏదో ఒకటి దాన్ని ఇప్పుడే ఆపుతూ ఉండాలి.

సూది పొట్టిది, పొడుగు కీలాలకు అందదు అని చాలాకాలం సమాధానం చెప్పుకున్నారు. కొలిచి చూస్తే చాలా జాతుల్లో సూది ఎన్నో పొడుగు పూలకు కూడా అందుతుందని తేలింది. అందినా పెట్టడం లేదు. ఇక్కడే కుండ గోడ నుంచి దూరం లెక్కలోకి వస్తుంది. 2008లో డెరెక్ డన్, ఆయన సహచరులు ఆస్ట్రేలియాలోని ఫైకస్ రూబిజినోసా మీద చేసిన పని నాకు తెలిసిన జవాబుల్లో అన్నిటికంటే అందమైనది. బయటి నుంచి సూది దించే పరాన్నజీవులకు గోడను ఆనుకుని ఉన్న బుడిపెలు తేలిగ్గా అందుతాయి. కుండ మధ్యలో ఉన్నవి అందవు. కాబట్టి బయటి వరుసలో పెట్టిన గుడ్లలో చాలా భాగం పరాన్నజీవి పాలవుతాయి, లోపలి వరుసలోవి బతుకుతాయి. తరాల తరబడి ఇలా జరిగితే లోపలి పూలను ఎంచుకునే తల్లుల సంతానమే మిగులుతుంది. గోడ పక్క పూలు వాటంతటవే గింజలకు వదిలేసినట్టవుతుంది.

చెట్టుకు నష్టం చేసేవాడి పిల్లల్ని చంపే పరాన్నజీవి, చెట్టు గింజకు కాపలా అయింది. దానికి చెట్టు అంటే ప్రేమ లేదు, గింజ అంటే ఏమిటో తెలియదు. దాని సూది ఎంత లోతుకు చేరుతుందన్నదే లెక్క. పొత్తు ఒకరి మంచితనం మీద కాదు, బయట నిలబడిన మూడోవాడి సూది పొడవు మీద ఆధారపడి ఉందన్నమాట. ఇది ఒక్కటే కారణం అనడం లేదు. కానీ పరాన్నజీవుల్ని పొత్తుకు శత్రువులుగా మాత్రమే చూసే లెక్క తప్పని ఇది చూపించింది.

రెండో కట్టుబాటు చెట్టు చేతిలో ఉంది. పుప్పొడి తేకుండా గుడ్లు మాత్రం పెట్టిపోయే కందిరీగ ఉంటే? ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు, కానీ అత్తి జాతి చెట్లలో కొన్ని పట్టుకుంటాయి. 2010లో షార్లట్ జాందేర్, అలెన్ హెర్రె పనామాలో పుప్పొడి ఉన్న కందిరీగల్ని, లేనివాటిని వేర్వేరు పిందెల్లోకి వదిలి చూశారు. కందిరీగ పనిగట్టుకుని పుప్పొడి మోసే జాతుల్లో, గింజ పట్టని పిందెల్ని చెట్టు రాల్చేసింది, లేదా వాటిలో బతికిన పిల్లలు తగ్గిపోయారు. పుప్పొడి గాలివాటంగా ఒంటికి అంటుకునే జాతుల చెట్లలో ఈ శిక్ష కనిపించలేదు, అక్కడ దాని అవసరమూ లేదు. శిక్ష బలహీనంగా ఉన్న జాతుల్లో పుప్పొడి లేకుండా వచ్చే కందిరీగలు ఎక్కువగా కనిపించాయి. పొత్తులో జామీను లేనిచోట మోసం పెరుగుతుంది.

ఆ మోసం పూర్తిగా స్థిరపడిన జాతి కూడా ఉంది. ఆఫ్రికాలో మన మేడికి దగ్గరి బంధువైన ఫైకస్ సైకొమోరస్‌కు రెండు సెరటోసోలెన్ జాతులు వస్తాయి. సెరటోసోలెన్ అరబికస్ పుప్పొడి తెస్తుంది. సెరటోసోలెన్ గలిలై అదే దారిన లోపలికి నడిచి వెళ్లి, గుడ్లు పెట్టి, పుప్పొడి పని చేయదు. దాని పూర్వీకులు పుప్పొడి మోసినవాళ్లే. పొత్తుదారుడి వంశంలోంచే పరాన్నజీవి పుట్టింది. ఒకే పిందెలో ఇద్దరూ దూరితే పుప్పొడి తెచ్చినదాని పుణ్యాన మోసగాడి పిల్లలు కూడా బతికిపోతారు. కాబట్టి శిక్ష అనేది కాయ మొత్తానికి పడుతుంది గానీ పురుగు పురుగుకూ పడదు, అందులోనే సందు ఉంది.

ఇంకా చిన్న ప్రయాణికులున్నారు. మేడి కందిరీగ ఎగిరేముందు కంటికి కనిపించని నులిపురుగులు దాని ఒంట్లోకి ఎక్కుతాయి, కొత్త పిందెలో దిగుతాయి. వాటికి సొంతంగా ఒక చెట్టు నుంచి ఇంకో చెట్టుకు పోయే దారి లేదు. కొద్దిమంది ఎక్కితే కందిరీగకు పెద్ద ఇబ్బంది ఉండదు, కిక్కిరిసి ఎక్కితే అది దూరం ఎగరలేదు, త్వరగా చచ్చిపోతుంది. అదే పురుగు, అదే బండి. ఎంతమంది ఎక్కారన్నదాన్ని బట్టి ప్రయాణికుడో పరాన్నజీవో తేలుతుంది.

చీమల సంగతీ ఇలాంటిదే. మేడి కొమ్మల మీద ఆకులు కుట్టి గూడు కట్టే ఎర్ర చీమలు తిరుగుతుంటాయి. కందిరీగ ఏదైనా వాటికి ఆహారమే. కానీ పుప్పొడి కందిరీగ వాలి, దూరి, క్షణాల్లో కనుమరుగవుతుంది. బయటి నుంచి సూది దించేది గోడకు బిగుసుకుని చాలాసేపు కదలకుండా నిలబడుతుంది. అందుకే చీమలకు దొరికేవాటిలో పరాన్నజీవులే ఎక్కువ. కంటి దగ్గర నుంచి కాకుండా కాయ పక్కల నిలబడి ఉన్న సన్నటి కందిరీగ మీద చీమ పడటం ఓపిగ్గా పది నిమిషాలు చూస్తే కనిపిస్తుంది.

ఒకటి రెండు రోజుల ఆయుష్షుతో ఇంత చిన్న పురుగు ఎంత దూరం పోతుంది? ఒక చెట్టు కాయలన్నీ దాదాపు ఒకేసారి పక్వమవుతాయి కాబట్టి, ఎగిరిన కందిరీగకు పిలిచే పిందె ఉన్న ఇంకో చెట్టు కావాలి. నమీబియా ఎడారిలో ఉగాబ్ నది వెంట ఉన్న సైకొమోరస్ చెట్ల జన్యువులను పరిశీలించి 2009లో ప్రచురించిన పనిలో, కందిరీగలు పుప్పొడిని 160 కిలోమీటర్ల దాకా మోసినట్టు తేలింది. గాలిని పట్టుకుని పోతాయి, వాసన తగలగానే దిగుతాయి. ఊళ్లో ఒక్క మేడి ఉన్నా దాని కాయల్లో గింజలుండటానికి కారణం ఇదే.

మేడిలో తల్లికి మిగిలే అవకాశం కూడా కొన్ని జాతుల్లో లేదు. వాగుల పక్కన పెరిగే బొమ్మమేడిలో (ఫైకస్ హిస్పిడా) చెట్లు రెండు రకాలు. ఒక రకం కాయల్లో కందిరీగలు పెరుగుతాయి, ఇంకో రకంలో గింజలు మాత్రమే. గింజల చెట్టు పూల కీలాలు ఎంత పొడుగంటే కందిరీగ గుడ్డు దించలేదు. పొరపాటున అక్కడ దూరిన తల్లి పుప్పొడి పంచి, ఒక్క పిల్ల కూడా లేకుండా చనిపోతుంది. రెండు రకాల పిందెల వాసనను అది వేరు చేసుకోలేకపోతేనే చెట్టుకు గింజ. పొత్తు అని మనం పేరు పెట్టినదానిలో ఇంత మోసం కూడా ఇమిడి ఉంటుంది.

అంజీర్ కూడా ఆ కోవదే, అందువల్లే శాకాహారులు తరచూ అడిగే ప్రశ్న వస్తుంది: ఎండు అంజీర్‌లో కందిరీగ ఉంటుందా? రకాన్ని బట్టి. మన అనంతపురం వైపు వేసే పూనా రకం లాంటివి పుప్పొడి లేకుండానే కాయ కడతాయి, వాటికి కందిరీగ అక్కర్లేదు. టర్కీ నుంచి వచ్చే స్మిర్నా రకాలకు మాత్రం కావాలి. అక్కడ రైతులు మగ అత్తి కాయల్ని దండలా గుచ్చి ఆడచెట్ల కొమ్మలకు వేలాడదీస్తారు. కందిరీగలు వాటిలోంచి వచ్చి ఆడకాయల్లో దూరి అక్కడే చనిపోతాయి. కాయ పండేలోపు ఆ శవం చాలావరకు కరిగిపోతుంది. నోట్లో కరకరలాడేవి గింజలే, కందిరీగలు కావు. స్మిర్నా అంజీర్‌ను కాలిఫోర్నియాకు తీసుకెళ్లినవాళ్లకు మొదట్లో కాయలన్నీ రాలిపోయేవి. 1899లో కందిరీగను కూడా తెచ్చి నిలబెట్టాకే పంట చేతికొచ్చింది.

తాటిచెట్టును చుట్టుకుని పెరిగిన మర్రిని చూసి అది తాటి రసం పీలుస్తోందనుకుంటారు. కాదు. పిట్ట వేసిన గింజ తాటి మట్టల సందున మొలిచి, వేళ్లు నేలకు దించి, నీడతో తాటిని చంపుతుంది. రసం పీల్చేది బదనిక. మామిడి కొమ్మలో వేరు దింపి నీళ్లు, లవణాలు లాక్కుంటుంది, ఆకు పచ్చనిది కాబట్టి పిండిపదార్థం తానే చేసుకుంటుంది. ఆ పరాన్నజీవికి కూడా ఒక పొత్తుదారు కావాలి. టికెల్స్ ఫ్లవర్‌పెకర్ అనే బొటనవేలంత పిట్ట దాని పండు తిని, జిగట పట్టిన గింజను కొమ్మకు రుద్ది వదిలించుకుంటుంది, గింజ అక్కడే అతుక్కుని మొలుస్తుంది. తోటలో బదనికను చేత్తో విరిస్తే లాభం లేదు, కొమ్మలోపల మిగిలిన వేరు మళ్లీ చిగురిస్తుంది. అతుక్కున్న చోటికి కనీసం ఒక అడుగు కిందికి, మొదలు వైపు, కొమ్మనే కోసేయాలి. పండ్లు పండకముందే కోస్తే పిట్ట ఇంకో చెట్టుకు మోయడం కూడా ఆగుతుంది.

మేడి మొక్కలు పెంచాలనుకునేవాళ్లు గింజను ఎలా ఎంచుకోవాలో చెప్పి ముగిస్తాను. పూర్తిగా ఎర్రబడి, పక్కన రంధ్రం ఉన్న పండ్లు ఏరుకోండి. ఆ రంధ్రం మగ కందిరీగలు తవ్వినదే, అంటే లోపల పుప్పొడి అందిన పూలున్నాయన్నమాట. పండును నీళ్లలో పిసికి, కాసేపు నిలవనివ్వండి. ఖాళీ బుడిపెలు, పురుగుల శవాలు, బోలు గింజలు తేలతాయి. మంచి గింజలు అడుగుకు చేరతాయి. తేలినదాన్ని వంచేసి, రెండు మూడుసార్లు కడిగి, నీడలో ఆరబెట్టండి. గింజ చాలా సన్నం, మట్టి కప్పితే మొలవకపోవచ్చు. తడి ఇసుక, జల్లించిన కంపోస్టు కలిపి చదును చేసిన తట్టలో పైపైన చల్లి, నీళ్లు స్ప్రేయర్‌తోనే చల్లండి, చెంబుతో పోస్తే గింజలన్నీ ఒక మూలకు కొట్టుకుపోతాయి. పైన గాజు పలకో పాలిథిన్‌తో వదులుగా మూతో పెట్టి వెలుతురు తగిలేచోట ఉంచండి, ఎండలో కాదు. బజారులో కొన్న పూనా అంజీర్ గింజలతో ఇదే ప్రయత్నం చేస్తే ఏమీ మొలవదు. వాటి పొట్టలోకి ఎవరూ వెళ్లలేదు, అందుకే గింజలన్నీ బోలు.